జమాల్‌పూర్ కర్మాగారంలో ఇంజనీర్ల చదువు

బీహారు రాష్ట్రంలోని ముంగేరు జిల్లాలో, ఖరగ్‌పూర్ కొండల చెంత జమాల్‌పూర్ అనే పట్టణం ఉంది. 1862 ఫిబ్రవరి 8న ఈస్ట్ ఇండియన్ రైల్వే అక్కడ ఒక కర్మాగారాన్ని నెలకొల్పింది. 1899లో ‘లేడీ కర్జన్’ అనే ఆవిరి ఇంజను అక్కడే తయారైంది. ఇటువంటి చోట సాంకేతిక పాఠశాల వెలియడం సహజమే. అయితే 1927లో అక్కడ ఆరంభమైన ‘స్పెషల్ క్లాస్ రైల్వే అప్రెంటిస్’ పద్ధతి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. అంతవరకు రైల్వేలోని ఉన్నత యాంత్రిక పదవులలో అధిక సంఖ్యాకులు బ్రిటన్ నుండి వచ్చినవారే.

స్వాతంత్ర్యానంతరం ఈ ఎంపికను యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించేది. ఇంటర్మీడియెట్ ముగించిన 17, 18 ఏళ్ల యువకులు గణితంలో, భౌతిక రసాయన శాస్త్రాలలో, సామాన్య జ్ఞానంలో పరీక్షలు వ్రాసేవారు. దేశం మొత్తం మీద ఏటా కొద్దిమందికే అవకాశం దక్కేది. ఎంపికైన వారికి నాలుగేళ్ల శిక్షణ, నెలనెలా భృతి. మధ్యలో మానుకుంటే శిక్షణ వ్యయం తిరిగి చెల్లించాలని తల్లిదండ్రులతో సహా ఒప్పందం వ్రాయించుకొనేవారు. కళాశాల జీతాలు కట్టలేని కుటుంబాలకు ఇది వరమే. కాని పదిహేడవ ఏట జీవితకాలపు వృత్తిని నిశ్చయించుకోవడం అందరికీ సాధ్యమా అన్న సందేహం కూడా న్యాయమైనదే.

శిక్షణార్థి మొదట పట్టవలసింది ఆకురాయిని. ఇనుప ముక్కను చదునుగా, కొలతకు సరిగా రాయడం వచ్చిన తరువాత లేతు యంత్రం, పోతపని, కమ్మరపని. అటు పిమ్మట ఇంజను మీద డ్రైవరు సరసన ప్రయాణం. వీటితోపాటే తరగతిలో యంత్రశాస్త్ర పాఠాలు సాగేవి. ఇరవై ఒకటవ శతాబ్ది తొలి దశకంలో రాంచీ సమీపంలోని మేస్రా సంస్థ సహకారంతో ఈ చదువుకు ఇంజనీరింగ్ పట్టా కూడా చేరింది.

చేతిపని ఎందుకు? ఒక ఉదాహరణ చాలు. మన బ్రాడ్‌గేజి పట్టాల నడుమ దూరం 1676 మిల్లీమీటర్లు. ఇరుసుకు బిగించిన రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య 1600 మిల్లీమీటర్లు ఉండాలి. ఈ దూరం మారినా, చక్రపు అంచు పరిమితికి మించి అరిగినా పెట్టె పట్టా తప్పవచ్చు. ఆ చక్రం ప్రయాణానికి యోగ్యమని సంతకం చేసే అధికారి దానిని ఎన్నడైనా స్వయంగా కొలిచి ఉండటం, ఆ రైలులో కూర్చున్న వేయి మందికి అవసరం.

ఈ విద్యలో అసలు గురువులు స్థానిక మేస్త్రీలు. వారి ఇంటి మాట అంగిక. తెలుగువాడు ‘ఆకురాయి’ అన్నదే అక్కడ ‘రేతీ’. లేతు మాత్రం అందరికీ లేతే. తమిళుడు, పంజాబీ, తెలుగువాడు అక్కడే ఆ భాష నేర్చుకోవలసి వచ్చేది. రేపు లాలాగూడ కర్మాగారంలోనైనా, అస్సాంలోనైనా పనిచేయవలసిన వారికి అది కూడా శిక్షణే. నాళ్లు గడిచిన కొద్దీ తమ కింద పనిచేయబోయే కార్మికుని వద్దనే పని నేర్చుకొన్నందున, అతని కష్టం ఎటువంటిదో వారికి చెప్పవలసిన అవసరం ఉండేది కాదు.

ఈ పద్ధతిలో ఎంపిక కోసం 2015లో జరిగిన పరీక్షే చివరిది. నేడు రైల్వే యాంత్రిక శాఖలో అధికారి కాదలచినవారు ముందు ఇంజనీరింగ్ పట్టా సంపాదించి, ఆ తరువాత పోటీపరీక్షకు కూర్చోవాలి. కర్మాగారంలో శిక్షణ నేటికీ తప్పనిసరియే కాని, వారు అక్కడ అడుగుపెట్టేసరికి సాధారణంగా వయస్సు ఇరవై రెండు దాటుతుంది.