ముడేసిన దారం, అగ్గిపుల్లల శిలువ

ఎడిన్‌బరోలో ఆడపిల్లలు ఒక్కొక్కరే మాయమవుతున్నారు. డబ్బు అడిగేవాడు లేడు, పగ ఫలానా అని చెప్పేవాడు లేడు. గొంతు నులిమిన శవాలు మాత్రం దొరుకుతున్నాయి. ఊళ్లో పోలీసులంతా ఇల్లిల్లూ తిరుగుతుంటే డిటెక్టివ్ సార్జెంట్ జాన్ రీబస్‌కి ఊరూ పేరూ లేని కవరొకటి వస్తుంది. లోపల చిన్న దారం ముక్క, దానికో ముడి. ఆ తర్వాత వచ్చిన కవరులో శిలువలా కట్టిన రెండు అగ్గిపుల్లలు. ఎవడో పనీపాటా లేనివాడి చేష్ట అనుకుని రీబస్ వాటిని పక్కన పడేస్తాడు.

ఇయాన్ ర్యాంకిన్ రాసిన ‘నాట్స్ అండ్ క్రాసెస్’ (1987) బలమంతా ఆ పక్కన పడేయడంలోనే ఉంది. హంతకుడు ఉత్తరాలు రాస్తున్నది రీబస్‌కే. ఆ ముడి ఎక్కడిదో పోల్చుకోగలిగినవాడు ఊరు మొత్తమ్మీద అతనొక్కడే. ఆ ఒక్కడూ తన జ్ఞాపకాలకు తాళం వేసుకుని కూర్చున్నాడు.

పోలీసు కాకముందు రీబస్ సైనికుడు. పారాచూట్ రెజిమెంట్ నుంచి ఎస్.ఎ.ఎస్. ప్రత్యేక దళం శిక్షణకు వెళ్లాడు. శత్రువుకు చిక్కినా నోరు విప్పకుండా ఉండగలడా అని చూడటానికి అతన్ని, ఇంకో సైనికుణ్ని ఒకే గదిలో బంధిస్తారు. ఇది పరీక్షో నిజమో తెలియని స్థితికి ఇద్దరూ చేరుకుంటారు. ఒకరికొకరు తప్ప దిక్కు లేదు. చివరికి రీబస్‌కి తలుపు తెరుచుకుంటుంది. వదిలి వెళ్లొద్దని ఆ స్నేహితుడు వేడుకుంటుంటే, రీబస్ బయటికి నడిచి వచ్చేస్తాడు. తర్వాత మనసు చెదిరిపోతుంది. ఇదంతా అతని నోట పలికించేది తమ్ముడు మైకేల్, స్టేజీ మీద హిప్నాటిజం చేసేవాడు. నవల మొత్తంలో నన్ను వదలని పేజీలవే.

తాగుడు, విడాకులు, నిద్రలేని రాత్రులు ఈ తరహా నవలల్లో పోలీసుకు యూనిఫాంలా మారిపోయాయి. రీబస్‌కీ అవన్నీ ఉన్నాయి. కానీ ఇక్కడ గతం పాత్రకు పెట్టిన నగ కాదు, కేసుకు తాళంచెవి. తన్ను తాను తవ్వుకుంటే తప్ప అతను హంతకుణ్ని పట్టుకోలేడు.

ఈ నవల రాసేనాటికి ర్యాంకిన్ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో మ్యూరియెల్ స్పార్క్ రచనల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థి. స్టీవెన్‌సన్ రాసిన జెకిల్, హైడ్ కథను తన కాలానికి తేవాలన్నది అతని తపన. ఆ ఊరికి అలాంటి రెండు ముఖాల బతుకు కొత్త కాదు. పగలు పెద్దమనిషిగా, రాత్రి దొంగగా బతికిన డీకన్ బ్రోడీని 1788లో ఉరి తీసింది అక్కడే. నవలకు సమాచారం కోసం పోలీసు స్టేషన్‌కి వెళ్లిన ర్యాంకిన్‌నే, కథ ఒక నిజమైన కేసుకు దగ్గరగా ఉందని, వాళ్లు ప్రశ్నలతో నిలదీశారట!

ముగింపు హడావిడిగా సాగిందన్నది నిజం. రీబస్ నవలల్లోనే 1997లో వచ్చిన ‘బ్లాక్ అండ్ బ్లూ’ ఇంతకన్నా మెరుగైన నవల, గోల్డ్ డాగర్ పురస్కారం దానికే దక్కింది. అయినా నేను మొదటిదే ముందు చదవమంటాను. రీబస్ పైఅధికారుల మాట ఎందుకు వినడో, ఎవరినీ ఎందుకు దగ్గరికి రానివ్వడో ఆ బందీగది చూశాకే అర్థమవుతుంది.