పిలుపు విన్నది బాలుడు... స్వరాన్ని గుర్తుపట్టింది వృద్ధుడు!

యౌవనంలో ఆనందించడం తప్పని బైబిలు ఎక్కడా చెప్పలేదు. లోకంలోని సుఖాలన్నింటినీ రుచిచూసి, వాటి డొల్లతనాన్ని కూడా తెలుసుకున్న ప్రసంగి సైతం యువకులను సంతోషంగా ఉండమనే ప్రోత్సహిస్తాడు. కాకపోతే ఆ మాట ముగియకముందే దేవుని తీర్పు ఒకటుందని గుర్తుచేస్తాడు (ప్రసంగి 11:9). ఆ వెంటనే ముసలితనం వర్ణన మొదలవుతుంది. చేతులు వణకడం, చూపు మసకబారడం, పిట్ట కూతకే మెలకువ రావడం, చిన్న ఎత్తు ఎక్కాలన్నా భయం వేయడం (ప్రసంగి 12:1-5)... పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ కనిపించేవే ఇవన్నీ. మరి యౌవనాన్నీ వార్ధక్యాన్నీ ఇలా పక్కపక్కనే పెట్టి చూపించింది దేనికి? యువకుల సంతోషం గొప్పదా, పెద్దల జ్ఞానం గొప్పదా అని మనల్ని తూకం వేయమనా?

తూకం వేస్తే త్రాసు ఎటు మొగ్గుతుందో గాని, దేవుడు తన పని జరిగించవలసి వచ్చినప్పుడు మాత్రం ఈ రెండింటినీ ఒకే కప్పు కిందికి తెచ్చాడు. షిలోహు మందిరంలో ఒక రాత్రి జరిగింది అదే.

సమూయేలు అప్పటికి బాలుడు. ఏలీ కళ్లు మసకబారిన వృద్ధుడు. దేవుని మాట అరుదుగా వినిపించే రోజులవి. మందిరంలో దీపం ఇంకా ఆరకముందే దేవుడు పేరు పెట్టి పిలిచాడు. ఆ పిలుపు విన్నది ప్రధాన యాజకుడైన ఏలీ కాదు, ఆయన దగ్గర పరిచర్య చేస్తున్న పిల్లవాడు. వినగానే లేచి పరుగెత్తాడు. నిద్ర చెడిందన్న విసుగు లేదు, పొద్దున చూద్దామన్న బద్ధకం లేదు. యౌవనానికి అందం అదే! కాని పరుగెత్తింది ఏలీ దగ్గరికి. పిలిచిందెవరో అతనికి తెలియలేదు మరి. మూడుసార్లూ అలాగే జరిగింది. మూడోసారి ఏలీ విషయం గ్రహించాడు. మళ్లీ పిలుపు వస్తే ఏమని బదులివ్వాలో నేర్పి పంపాడు (1 సమూయేలు 3:1-9). ఆ వృద్ధుడే లేకపోతే సమూయేలు తెల్లవార్లూ అటూ ఇటూ పరుగెడుతూనే ఉండేవాడు. ఆ బాలుడే లేకపోతే ఆ రాత్రి పిలుపును వినేవాడే ఉండేవాడు కాదు.

ఇటువంటి సంఘటనే మన మానుకోట ప్రాంతంలోనూ జరిగింది. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ పేరు ప్రపంచ క్రైస్తవ చరిత్రలో నిలిచిపోవడానికి కారణం బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై గ్రామంలో ఒక గురువుగారి ఇంట పుట్టారు. ఇరవై ఒకటో ఏట వైఎంసీఏలో చేరి యువకుల మధ్య సేవ మొదలుపెట్టారు. 1902లో జాఫ్నాకు వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సువార్తికులను పంపడం చూసి, మనమెందుకు ఆ పని చేయడం లేదని మథనపడ్డారు. మరుసటి సంవత్సరమే మిత్రులతో కలిసి తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. ఆ సొసైటీ తన పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో ఆయనే అక్కడికి వచ్చి తెలుగువారితో కలిసిపోయి, తెలుగు నేర్చుకుని పరిచర్య చేశారు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు 1,200 మంది ప్రతినిధులు వచ్చారు. వారిలో అత్యధికులు పాశ్చాత్యులే. ముప్పై అయిదేళ్ల అజరయ్య ఆ సభలో నిలబడి, మిషనరీల త్యాగాలకు కృతజ్ఞత చెబుతూనే, మాకు ఇప్పుడు కావలసింది మీ స్నేహం అన్నారు. దొరలుగా కాక స్నేహితులుగా రమ్మని అడగడం చాలామందికి మింగుడుపడలేదు. ఈ కుర్రవాడికి ఇంత ధైర్యమా అనుకున్నవారూ ఉండే ఉంటారు.

కాని ఆ యువకుడి గొంతులో దేవుని పిలుపును గుర్తుపట్టిన పెద్దమనిషి ఒకరున్నారు. ఆయన మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్. తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడైన ఈ భారతీయుణ్ణి బిషప్‌గా అభిషేకించాలని పట్టుబట్టారు. ఒక భారతీయుడి కింద తెల్ల మిషనరీలు ఎలా పనిచేస్తారని కొందరు అడ్డుపడ్డారు. మనవాళ్లలోనూ అభ్యంతరాలు వచ్చాయి. అయినా వైట్‌హెడ్ వెనక్కి తగ్గలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో అజరయ్య బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. యువకుడిది చొరవ, పెద్దాయనది వివేచన. ఆ రెండూ కలిశాయి గనుకనే డోర్నకల్ డయోసిస్ నిలబడింది.

ఆ రెండూ విడిపోతే ఏమవుతుందో తెలియాలంటే రెహబాము కథ చదవాలి. సొలొమోను చనిపోయాక ప్రజలు షెకెములో అతని దగ్గరికొచ్చి తమ మీదున్న బరువు తగ్గించమని వేడుకున్నారు. మెత్తగా మాట్లాడి ప్రజలకు సేవకుడిలా ఉండమన్నారు సొలొమోను కాలంనాటి పెద్దలు. బరువు ఇంకా పెంచి భయపెట్టమన్నారు రెహబాముతో కలిసి పెరిగినవాళ్లు. అతనికి రెండో మాటే రుచించింది. పది గోత్రాలు చేజారిపోయాయి (1 రాజులు 12:1-20). ఇందులో మనం గమనించని సంగతి ఒకటుంది. అప్పటికి రెహబాము వయసు నలభై ఒకటి (1 రాజులు 14:21). అతనితో కలిసి పెరిగిన ‘యౌవనస్థులు’ కూడా ఇంచుమించు ఆ వయసువాళ్లే కదా! అంటే అతణ్ణి చెడగొట్టింది లేత వయసు కాదు. తనకు నచ్చిన మాటే వినాలనుకోవడం, తనలాంటివాళ్లనే చుట్టూ పెట్టుకోవడం. ఈ జబ్బు ఇరవయ్యేళ్లవాడికైనా రావచ్చు, డెబ్బయ్యేళ్లవాడికైనా రావచ్చు.

భూపాలపల్లి బొగ్గు గనుల్లో పనిచేసేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. భూగర్భంలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో తట్టి చూస్తారు. గట్టిగా ఉన్న కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్ల శబ్దం వస్తుంది. ఆ తేడా ఏళ్ల తరబడి వింటూ వచ్చిన చెవికే తెలుస్తుంది. బొగ్గు తవ్వే బలం కొత్తగా చేరిన కుర్రవాడిదే. కాని అనుభవమున్న సర్దార్ ఆగమంటే ఆ కుర్రవాడు ఆగుతాడు. ఆగకపోతే ప్రాణం పోతుందని తెలుసు గనుక!

మన ఇళ్లలో, సంఘాల్లో ఆ ఆగడమే కరువైంది. జనగామ నుంచి తెల్లవారకముందే రైలెక్కి హైదరాబాదుకు పరుగెత్తే యువకుడికి ఇంట్లో నాయనమ్మతో అయిదు నిమిషాలు మాట్లాడే తీరిక లేదు. సందేహమొస్తే ఫోన్‌ని అడుగుతాడు, కష్టమొస్తే స్నేహితుణ్ణి అడుగుతాడు. బెట్టింగ్ యాప్‌లో డబ్బంతా పోగొట్టుకున్నాక, అప్పులవాళ్లు గుమ్మంలోకి వచ్చాక గాని ఇంట్లో పెద్దలకు విషయం తెలియడం లేదు. కప్పు డొల్లగా మోగుతున్నప్పుడే ఒక్క మాట అడిగి ఉంటే!

అలాగని తప్పంతా పిల్లల మీదికి నెట్టేయడం న్యాయం కాదు. క్రిస్మస్ వచ్చిందంటే స్టార్ కట్టేది, పందిరి వేసేది, రాత్రంతా ఇంటింటికీ తిరిగి పాడేది యౌవనస్థులే. పట్నంలోని పెద్ద చర్చిలోనైనా, తండాలోని రేకుల కప్పు మందిరంలోనైనా ఇదే పద్ధతి. కాని జనవరి వచ్చేసరికి వారి పని అయిపోతుంది. కమిటీలో వారికి చోటుండదు, లెక్కలు వారికి చెప్పరు, వారి పాట పెద్దలకు నచ్చదు. ఇరవై ఏళ్లుగా ఒకే కుర్చీలో కూర్చున్నవారు, మన పిల్లలు చర్చికి ఎందుకు రావడం లేదని ప్రార్థనలో కన్నీళ్లు పెట్టుకుంటారు. అనుభవం వేరు, ఆధిపత్యం వేరు. మంచి మాట చెవికెక్కని ముసలి రాజుకన్నా తెలివైన పేద యువకుడే మేలని ప్రసంగి నిర్మొహమాటంగా చెప్పాడు (ప్రసంగి 4:13). తల నెరిసిన ప్రతివాడూ జ్ఞాని అని దేవుడెక్కడా హామీ ఇవ్వలేదు.

ఈ విషయంలో పెద్దలు ఏలీ దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. ఏలీ ఆదర్శ తండ్రి కాదు. కొడుకులను అదుపు చేయలేకపోయాడు. ఆ రాత్రి దేవుడు సమూయేలుకు చెప్పిన కబురు కూడా ఏలీ ఇంటి మీదికి రాబోతున్న శిక్ష గురించే. బాలుడు చెప్పడానికి భయపడితే, ఏమీ దాచవద్దని ఏలీయే గట్టిగా అడిగాడు. విని కోపగించుకోలేదు, నిన్న మొన్నటి పిల్లవాడివి నాకు చెబుతావా అనలేదు. దేవుని చిత్తమని తలవంచాడు (1 సమూయేలు 3:15-18). తన గురించిన చేదు నిజాన్ని తాను పెంచిన పిల్లవాడి నోట వినగలగడం... వార్ధక్యంలో ఇంతకన్నా గొప్ప జ్ఞానం ఏముంటుంది?

అజరయ్య కూడా వృద్ధులయ్యారు. దక్షిణ భారతంలోని సంఘాలన్నీ ఏకం కావాలన్న ఆశతో 1919లో ట్రాంక్విబార్‌లో ప్రారంభమైన ప్రయత్నంలో ఆయన ముందువరుసలో నిలిచారు. పాతికేళ్లకు పైగా ఆ పని సాగుతూనే ఉంది. 1945 జనవరి 1న, డెబ్బయ్యేళ్ల వయసులో ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించినప్పుడు చూడటానికి ఆయన లేరు. నెబో కొండ మీద నుంచి వాగ్దాన దేశాన్ని చూసి కన్నుమూసిన మోషేలా, తాను కలగన్న రోజును తరువాతివారికి అప్పగించి వెళ్లారు. నలభై నాలుగేళ్ల వయసులో చేపట్టిన పనిని మరో తరం పూర్తిచేసింది.

యౌవన సోదరులారా, సోదరీలారా! మీ ఆనందాన్ని వదులుకోమని ఎవరూ అడగడం లేదు. పాడండి, పరుగెత్తండి. అయితే పెళ్లి, ఉద్యోగం, అప్పు, పరిచర్య... ఏ పెద్ద నిర్ణయమైనా తీసుకోబోయే ముందు, దేవునితో చాలాకాలం నడిచిన ఒక పెద్దవారి దగ్గర కూర్చుని మనసు విప్పండి. పెద్దలారా! నెరిసిన తలతో కూడా రాబోయే తరానికి దేవుని బలాన్ని చెప్పేందుకు ఆయుష్షు కోరుకున్నాడు కీర్తనకారుడు (కీర్తనలు 71:18). మీరు నేర్చుకున్నది మీతోనే సమాధికి పోనివ్వకండి. పిల్లలను పిలిచి చెప్పండి, వారు చెప్పేది వినండి, పని అప్పగించి పక్కన నిలబడండి. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తాత, ఒక మనవడు చర్చి మెట్ల మీద కూర్చుని మాట్లాడుకుంటే, ఆ సంఘంలో దేవుని పిలుపును వినేవారూ ఉన్నారు, దాన్ని గుర్తుపట్టేవారూ ఉన్నారని నమ్మవచ్చు.