ఒక వృత్తి సంఘం ఎదిగిన తీరు

కళాశాలలోనో, ఆసుపత్రిలోనో పనిచేసే మనస్తత్వ శాస్త్రజ్ఞునికి పైఅధికారి ఉంటాడు. సొంతంగా గది తెరిచి, మనోవ్యథతో వచ్చినవారికి చికిత్స చేసేవానిపై ఎవరి పర్యవేక్షణ ఉంటుంది? అక్కడ చికిత్స అంటే మూసిన తలుపుల వెనుక జరిగే సంభాషణ. దానికి సాక్షులుండరు. అమెరికాలో ఈ శాస్త్రజ్ఞుల వృత్తి సంఘం ఎదిగిన చరిత్రలో అధికభాగం ఈ చిక్కు చుట్టూనే తిరిగింది.

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 1892 జూలైలో క్లార్క్ విశ్వవిద్యాలయంలో ఆవిర్భవించింది. తొలి సభ్యులు 31 మంది. అధ్యక్షుడు జి. స్టాన్లీ హాల్. వారిలో అత్యధికులు ఆచార్యులు, పరిశోధకులు. ప్రయోగశాలే వారి లోకం. 1896లో లైట్నర్ విట్మర్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదువులో వెనుకబడిన పిల్లల కొరకు చికిత్సాలయాన్ని నెలకొల్పాడు. శాస్త్రాన్ని ఇలా వృత్తిగా మార్చడం పెద్దలలో పలువురికి రుచించలేదు. వృత్తినిపుణులు 1917లో వేరు సంఘం పెట్టుకొని, రెండేళ్లకే తిరిగి వచ్చారు. 1937లో మరల విడిపోయి, 1945లో మరల కలిశారు. అన్నదమ్ముల వేరుకాపురాల వంటి ఈ కథను విస్తరించనక్కరలేదు.

ఆ 1945లోనే కనెక్టికట్ రాష్ట్రం మనస్తత్వ శాస్త్రజ్ఞుల అర్హతను నిర్ణయిస్తూ చట్టం చేసింది. అంతవరకు ఆ పేరుతో ఎవరు బోర్డు తగిలించుకొన్నా అడ్డగించే రాష్ట్ర చట్టం ఏదీ లేదు. ఇటువంటి చట్టం చేసిన చివరి రాష్ట్రం మిస్సౌరీ. అది జరిగింది 1977లో!

చట్టం పట్టాను పరీక్షించగలదు. గదిలోని నడవడిని చూడలేదు. ఆ లోటును పూరించడానికి సంఘం ఒక నీతి నియమావళిని తలపెట్టింది. నికొలస్ హాబ్స్ నాయకత్వంలోని కమిటీ దానిని ఊహించి వ్రాయలేదు. సుమారు 7,500 మంది సభ్యులకు లేఖలు పంపి, వృత్తిలో తమకు ఎదురైన ధర్మసంకటాలను తెలుపుమని కోరింది. వెయ్యికి పైగా సంఘటనలు వచ్చి చేరాయి. వచ్చినవాడు చెప్పిన రహస్యం మరొకరి ప్రాణానికి ముప్పు తెచ్చేదైతే ఏం చేయాలి? శాస్త్రగ్రంథాలలో ఇటువంటి ప్రశ్నలకు సిద్ధంగా జవాబులుండవు. అనుభవం నుండి పుట్టిన ఆ నియమావళి 1953లో వెలువడింది. సంఘం చరిత్రలో ఇంతకు మించిన పని లేదని నా అభిప్రాయం.

తరువాతి పోరాటం డబ్బుకు సంబంధించినది. వర్జీనియాలో బ్లూ షీల్డ్ అనే ఆరోగ్య బీమా సంస్థ వైద్యపట్టా గల మనోవైద్యుని చికిత్సకు సొమ్ము చెల్లించేది. మనస్తత్వ శాస్త్రజ్ఞుని చికిత్సకైతే, ఆ బిల్లు ఒక వైద్యుని ద్వారా వస్తేనే చెల్లించేది. రాష్ట్రం లైసెన్సు ఇచ్చినవాడు మరొకరి చేతికింద ఉండవలసి వచ్చింది. వర్జీనియా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం న్యాయస్థానానికెక్కి, 1980లో అప్పీలు కోర్టులో నెగ్గింది. ఇందులో వారి స్వార్థం లేదనలేము. అయితే నష్టపోయినవారు వారొక్కరే కారు. చికిత్స ఖర్చు తిరిగి రాని ఒక మహిళ తానే దావా వేసింది. ఆమెకు ఆ హక్కు ఉన్నదని 1982లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో తీర్పు చెప్పింది.

స్వతంత్రంగా వృత్తి సాగించేవారికి ప్రత్యేకంగా ఒక విభాగం, 42వది, మాతృసంఘంలో ఏర్పడింది కూడా ఆ 1980ల తొలినాళ్లలోనే. ప్రయోగశాల ఆచార్యులు స్థాపించిన సంఘంలో, సొంత గదిలో కూర్చుని పనిచేసేవారికి తమదంటూ ఒక చోటు దొరకడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది.