ఏ వైపు గోలు తేలిక?

ఫుట్‌బాల్ మైదానానికి రెండు చివరలా గోలు ఉంటుంది గదా? రెండింటి కొలతా ఒకటే: వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. అయినా టాసు గెలిచిన కెప్టెన్ ఏ వైపు ఆడాలా అని జెండాల కేసి చూస్తాడు. ఎందుకో తెలుసా?

గాలి కోసం! సెకండుకు 10 మీటర్ల వేగంతో గాలి వీస్తున్నదనుకోండి. మీరు బంతిని 20 మీటర్ల వేగంతో తన్నారు. గాలికి ఎదురుగా తన్నితే, బంతిని ఢీకొనే గాలి వేగం 30 మీటర్లు. గాలివాటున తన్నితే 10 మాత్రమే! ఎదురుగాలిలో సైకిలు తొక్కినవారికి ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు. గాలి వెనకనుంటే దూరాన్నుంచి తన్నిన బంతి కూడా గోలు చేరుతుంది. మరీ గట్టిగా తన్నారో, గోలు మీదుగా ఎగిరిపోతుంది, అది వేరే సంగతి!

సాయంత్రపు ఎండ మరో చిక్కు. పడమటికి తిరిగి నిలబడ్డ గోలుకీపరుకు ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, బంతి కనబడదు. అందుకే మైదానాలను వీలైనంతవరకు ఉత్తర దక్షిణాలుగా వేస్తారు.

ఎండను అలా తప్పించవచ్చు. మరి గాలినేం చేస్తారు? 1863లో ఇంగ్లండులో రాసిన నియమాల ప్రకారం గోలు పడ్డప్పుడల్లా జట్లు వైపులు మార్చుకునేవి. గాలి సాయంతో గోలు కొట్టినవారికి వెంటనే ఎదురుగాలి! 1875 నుంచి మాత్రం సగం ఆట అయ్యాకే మారుతున్నారు. ఇందులో ఒక తిరకాసుంది. మొదటి సగం ఎదురుగాలిలో ఆడి అలిసిపోయారు. తీరా మీ వంతు వచ్చేసరికి గాలి పడిపోయింది! అప్పుడో?

టాసు మీరే గెలిస్తే ఏ వైపు కోరుకుంటారు?