పందికొక్కు సముద్రాలు దాటిన కథ

న్యూ లిన్‌లో నివసించే తెలుగువారికి ఆ ఊరి పేరే పదచరిత్రలో తొలి పాఠం. ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతంలో కింగ్స్ లిన్ అనే రేవుపట్టణం ఉంది. 19వ శతాబ్దంలో ఆ పేరు ఇక్కడికి వచ్చింది. 'లిన్' అంటే ప్రాచీన కెల్టిక్ భాషలలో మడుగు. ఆ మాట పలికినవారి భాష నార్ఫోక్‌లో ఏనాడో అంతరించింది. మాట మాత్రం మిగిలి, 1989లో మూతపడిన క్రౌన్ లిన్ కర్మాగారపు కప్పుల అడుగున ముద్రగా కూడా నిలిచింది.

మన మాటలూ ఇలాగే ప్రయాణించాయి. మన పిల్లలు 1996లో వెలువడిన 'క్రాష్ బ్యాండికూట్' అనే వీడియో ఆటను ఎరుగుదురు. ఆ బ్యాండికూట్ మరేదో కాదు, మన పందికొక్కే! పంది వంటి కొక్కు, అనగా పెద్ద ఎలుక. ఇంగ్లీషువారు ఈ మాటను మన దేశంలో గ్రహించి, ఆస్ట్రేలియాలో కంగారూ వలె సంచి గల మరొక జంతువుకు తగిలించారు. శాస్త్రజ్ఞులు అసలు పందికొక్కుల ప్రజాతికి 'బ్యాండికోటా' అని నామకరణం చేశారు.

అయితే పోలిక కనబడినంత మాత్రాన పుట్టుక నిర్ణయం కాదు. 'నేమ్', 'నామము' ఒకదానినుండి ఒకటి పుట్టలేదు. ఇంగ్లీషు, సంస్కృతం ఒకే మూలభాష సంతతి కనుక అవి తోబుట్టువులు. తెలుగు ద్రావిడ కుటుంబానిది. 'నామము' మనకు సంస్కృతం ఇచ్చినది. ఇక 'బద్నాం'లోని పారశీక 'బద్'కూ, ఇంగ్లీషు 'బ్యాడ్'కూ అర్థం ఒకటే అయినా చుట్టరికం లేదు. అది కేవలం కాకతాళీయం. పాత రాతలలోని రూపాలు, మాట నడచిన దారి, ధ్వనులు క్రమంగా మారిన తీరు, ఈ మూడూ కుదిరినప్పుడే పుట్టుక నిశ్చయమవుతుంది. పందికొక్కు విషయంలో సాక్ష్యం బలమైనది. 1886లో వెలువడిన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువు సైతం దానిని తెలుగు మాటగానే చూపింది.

"తెలుగు నేర్చుకుంటే ఏమి వస్తుంది?" అని పిల్లలు అడిగితే, ఇంగ్లీషంతా మననుండే పుట్టిందని గొప్పలు చెప్పనక్కరలేదు. వారు పెద్దవారైనాక ఆ అసత్యం బయటపడితే సత్యాన్నీ నమ్మరు. నిజమైన పందికొక్కు ఒక్కటి చాలు. కాని భాష పోయి మాట ఒక్కటే మిగిలితే ఏమవుతుందో 'లిన్' మనకు చెబుతూనే ఉన్నది. ఈ సాయంత్రం భోజనాల వద్ద ఆ కథను పిల్లలకు తెలుగులోనే చెప్పండి.