గాజుతొట్టి చేపలకు ఎర్రపురుగుల మేత

ఎండుమేత వేసినప్పుడు కనిపించని హుషారు, ఎర్రపురుగులు వేయగానే గప్పీ, మోలీ చేపలలో కనిపించును. ట్యూబిఫెక్స్ అను ఈ దారపుపోగు వంటి పురుగు వానపామునకు చుట్టము. గోదావరి డెల్టా వంటి పల్లపు సీమలో వాలు తక్కువగుటచే ఊళ్ల మురుగు మెల్లగా సాగును. ఇట్టి మురుగు అడుగు బురదయే దానికి పుట్టిల్లు. తల బురదలో దూర్చి, తోకను నీటిలో ఆడించుచు అది ప్రాణవాయువును గ్రహించును. రక్తములో హీమోగ్లోబిన్ ఉండుటచే, ప్రాణవాయువు మిక్కిలి తక్కువైన నీటిలోను బ్రతుకగలదు.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. అది తినునది బురద. దాని కడుపులో నున్నదియు బురదయే. పైపైన కడిగిన చాలదు. వెడల్పు పళ్లెములో పలుచగా నీరు పోసి, నీడపట్టున ఉంచి, రోజునకు మూడు నాలుగు మారులు నీరు మార్చుచు రెండు మూడు దినములు ఆగవలెను. బ్రతికినవి ఉండగా చుట్టుకొని, తాకగానే ముడుచుకొనును. పాలిపోయి విడిపోయినవానిని పారబోయవలెను. ఇంత చేసినను సూక్ష్మజీవులు పూర్తిగా పోవునని నమ్మరాదు. వేసవిలో కాలువలు కట్టివేసి నీటికి కటకటగా నున్న దినములలో ఈ మేత మానుటయే మేలు.

ఐదు నిమిషములలో తినగలిగినంతే వేయవలెను. మిగిలినవి ఇసుకలో దూరి, చచ్చి, నీటిని చెరచును.

చేతివల సంగతి చాలమంది మరతురు. తడివల ఒక తొట్టి నుండి మరియొక తొట్టికి తెల్లమచ్చల వ్యాధిని మోసికొనిపోవును. ఆ వ్యాధిని కలిగించు ఏకకణజీవి ఎండిపోయినచో బ్రతుకదు. కనుక వలను కడిగి, మన సీమలో కొదువలేని ఎండలో బాగుగా ఆరవేయవలెను. సబ్బు తగిలించరాదు. నీరు లాగు రబ్బరు గొట్టములో తడి నిలువకుండ దానిని వ్రేలాడదీయవలెను. ముసురు దినములలో తొట్టికొక వల ఉంచుకొనుట మంచిది.