ట్రిప్‌లో ఎడిట్ చేసిన ఫొటోలు ఇంటి పీసీకి.. ఎడిట్స్ పోకుండా ఇలా మార్చండి!

ట్రిప్‌లో లైట్‌రూమ్ క్లాసిక్‌తో ఎడిట్ చేసిన ఫొటోలను లాప్‌టాప్ నుంచి పీసీకి మార్చాలా? ఫొటోల ఫోల్డర్ ఒక్కటే కాపీ చేస్తే సరిపోదు. ఎందుకంటే లైట్‌రూమ్ ఒరిజినల్ ఫొటోను ముట్టుకోదు. మీరు మార్చిన కలర్స్, క్రాప్ అన్నీ డిఫాల్ట్‌గా కేటలాగ్ అనే వేరే ఫైల్‌లో ఉంటాయి. అది లేకపోతే పీసీలో కనిపించేది ఎడిట్ చేయని ఫొటోనే!

1. లాప్‌టాప్‌లో ట్రిప్ ఫోల్డర్ సెలెక్ట్ చేసి, ఫైల్ మెనూలో ‘ఎక్స్‌పోర్ట్ యాజ్ కేటలాగ్’ నొక్కండి.

2. ‘ఎక్స్‌పోర్ట్ నెగెటివ్ ఫైల్స్’ టిక్ చేసి, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో సేవ్ చేయండి. టిక్ లేకపోతే ఒరిజినల్ ఫొటోలు రావు.

3. పీసీలో ‘ఇంపోర్ట్ ఫ్రమ్ అనదర్ కేటలాగ్’తో దాన్ని తెరవండి. ఫొటోలను కొత్త లొకేషన్‌కు కాపీ చేసే ఆప్షన్ ఎంచుకోండి. లేదంటే అవి డ్రైవ్‌లోనే ఉండిపోతాయి, డ్రైవ్ తీసేశాక ఎడిట్ చేయడం కుదరకపోవచ్చు.

డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకుంటే బెటర్. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన వీడియో కాపీ అవ్వదు.

చివరగా, పీసీలో నాలుగైదు ఫొటోలు తెరిచి ఎడిట్స్ వచ్చాయో లేదో చూసుకోండి. అప్పటిదాకా మెమరీ కార్డ్ ఫార్మాట్ చేయొద్దు, లాప్‌టాప్‌లోని కాపీ డిలీట్ చేయొద్దు.